ఇనుములో దాచిన పేరు

నేను ఒక ఈటె మొనను. మూరెడు కూడా ఉండను. వెనక కర్ర దూర్చే గొట్టం, ముందు ఒకప్పుడు పదునుగా ఉండి ఇప్పుడు వంకాయ కూడా తెగని అంచు, ఒంటినిండా తుప్పు. ఉండేది పోట్లమిట్ట ప్రదర్శనశాలలో, లోపలికి రాగానే ఎడమచేతి వైపు గాజుపెట్టెలో. నా కింద చీటీ ఒకటి పెట్టారు. "ఈటె మొన. ఇనుము. పోట్లమిట్ట యుద్ధంలో వాడినది. దాత: శ్రీ కుంచాల పేరయ్య గారు." నన్ను చేసిన కమ్మరి పేరు అందులో లేదు. నన్ను పట్టిన చెయ్యి ఎవరిదో, నేను దిగిన ఒళ్ళు ఎవరిదో లేదు. తీసుకొచ్చి ఇచ్చినాయన పేరు మాత్రం లావుపాటి అక్షరాల్లో ఉంది. లోకంలో పనిచేసినవాడికంటే పని అప్పగించినవాడికే పేరు రావడం నాకు కొత్త కాదు కాబట్టి ఊరుకున్నాను.

చూడటానికి వచ్చేవాళ్ళు ముందు నాలో నెత్తురు వెతుకుతారు. "అదిగో, ఆ ఎర్రమరక!" అంటారు. అది తుప్పు, నాయనా. తర్వాత ఇది ఎంతమందిని చంపి ఉంటుందో అని లెక్కలు వేస్తారు. ఒక్కణ్ణి. ఆ మాట తెలిస్తే చాలామంది మొహాలు చిన్నబోతాయని నాకు తెలుసు. వాళ్ళు వచ్చిన బస్సు చార్జీలకైనా గిట్టుబాటు కావాలి కదా!

పక్క పెట్టెలో నేలలోంచి తవ్వితీసిన దవడ ఎముక ఒకటుంది. దానికి నోరైతే ఉంది గానీ నాలుక లేదు. అందుకని మా హాలు కబుర్లన్నీ నేనే చెప్పాలి. ఇవి పగటిపూట చెప్పుకునే కబుర్లే. కానీ చెప్పేటప్పుడు మాత్రం నా ఒళ్ళు చల్లబడుతుంది. మీకూ చల్లగా తగిలితే ఏసీ అనుకోకండి.

నేను పుట్టినప్పుడు ఈటెను కాదు, నాగటికర్రును. బొల్లన అనే రైతు నాగలికి తొడిగిన కర్రును. ఆ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పనుంది. బొల్లన పెద్ద మాటకారి కాదు. ఎద్దులతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడేవాడు కాదు. పొలం దున్ని ఇంటికొచ్చాక నన్ను గడ్డితో తుడిచి, వేలితో అంచు తడిమి చూసేవాడు. అతని కుడి అరచేతిలో బొటనవేలి కింద ఒక కాయ కాచి ఉండేది. ఆ కాయ రాపిడి నాకు ఇప్పటికీ తెలుసు. తొలకరి వానకు నానిన నల్లరేగడిలోకి దిగుతుంటే ఉండే సుఖం నేను మళ్ళీ ఎక్కడా ఎరగను. మనిషి ఒంట్లోకి దిగడం అలా ఉండదు.

ఏటికి ఇవతల ఒక నాయకుడు, అవతల ఇంకో నాయకుడు ఉండేవాళ్ళు. అవతలి మంద ఏరు దాటి ఇవతలి గట్టున మేసింది. ఇవతలి నాయకుడు మందను కట్టేయించాడు. మాట మాట పెరిగింది. ఆవులకేం, అవి అక్కడా గడ్డే తిన్నాయి, ఇక్కడా గడ్డే తిన్నాయి. పౌరుషం వచ్చింది మీసాలున్నవాళ్ళకు. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు, రెండు గట్ల మీదా దున్నుకు బతికేవాళ్ళ నెత్తిన పడింది ఆ యుద్ధం. నాగలికి ఒక మనిషి, ఆ మనిషితోపాటు అతని ఇనుమూ రావాలని చాటింపు వేశారు.

కమ్మరి కొలిమి దగ్గర ఊళ్ళోని కర్రులన్నీ పోగుపడ్డాయి. ఆ కమ్మరి మామూలుగా పాడుతూ సమ్మెట వేసేవాడు. ఆ పూట పాడలేదు. నన్ను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, వెనక గొట్టం చుట్టి, నీళ్ళలో ముంచి బొల్లన చేతికిచ్చాడు. బొల్లన అలవాటు ప్రకారం బొటనవేలితో అంచు తడిమాడు. వేలు తెగింది. నా వల్ల కారిన మొదటి నెత్తురు అదే.

యుద్ధం జరిగింది ఈ ప్రదర్శనశాల ఉన్న మిట్ట మీదే. కథల్లో చెప్పినట్టు ఏనుగులూ లేవు, శంఖాలూ లేవు. తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టింది. పక్కవాడే పక్కవాడికి కనిపించడం లేదు. ఏటివైపు నుంచి తడిబట్టలతో ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది. బొల్లన కళ్ళు గట్టిగా మూసుకుని నన్ను ముందుకు చాచాడు. అంతే. పొడవను కూడా పొడవలేదు. పరుగెత్తుకొచ్చినవాడే నా మీదికి వచ్చాడు. మీరు యుద్ధవిద్య అంటారే, నేను చూసింది ఇంతే.

బొల్లన కళ్ళు తెరిచి చూసేసరికి ఎదురుగా మీసం కూడా సరిగా రాని మనిషి. చేతిలో కత్తి లేదు, ఆవుల్ని తోలుకునే కర్ర ఉంది. తగాదాకు మూలమైన మందను కాసినవాడు అతనే. ఆవుల్ని తిరిగి తోలుకుపోదామని ఈది వచ్చాడు. నన్ను పీకితే ప్రాణం పోతుందని బొల్లనకు తెలుసు. పీకలేదు. ఏటికి పోయి తలగుడ్డ తడిపి తెచ్చి అతని నోట్లో పిండాడు. అతను రెండు గుక్కలు మింగి అన్నాడు: "నాకు అమ్మానాన్నా లేరు. చిన్నప్పటినుంచి అందరూ ఒరే అనేవాళ్ళే. నాకొక పేరుంది. ఒక్కసారి పేరుపెట్టి పిలువు."

పేరు చెప్పాడు. బొల్లన వంగాడు. నా కర్ర అప్పటికే ఊడిపోయింది, గొట్టం బయటికి తేలి ఉంది. బొల్లన పెదవులు నా గొట్టానికి ఆనాయి. అలా ఆనించే పిలిచాడు. ఆ పిలుపు నాలోంచి అతని ఒంట్లోకి పోయింది. అతను "ఆఁ" అని పలికాడు. పలకడంతోనే ప్రాణం పోయింది.

ఆ పేరేమిటని అడక్కండి, చెప్పను. పెదవి ఆనించనివాళ్ళకు చెప్పకూడదని కట్టుబాటు.

ఏడాది తిరక్కుండా ఇద్దరు నాయకులూ వియ్యంకులయ్యారు. ఆ మందలోని ఆవుల్నే కట్నంలో ఇచ్చిపుచ్చుకున్నారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు మిట్ట మీద పడ్డవాళ్ళను అక్కడే వదిలేశారు. బొల్లన మాత్రం నన్ను ఇంటికి తెచ్చాడు. కమ్మరి మళ్ళీ కర్రు చేస్తానంటే ఒప్పుకోలేదు. ఆముదం పట్టించి, గుడ్డలో చుట్టి దూలానికి కట్టాడు.

మరుసటి ఏడు మార్గశిర అమావాస్యనాడు, అంటే యుద్ధం జరిగిన తిథినాడే, బొల్లన నన్ను ఏటికి తీసుకుపోయాడు. కడిగి, మొన అవతలి గట్టువైపు తిప్పి, గొట్టానికి పెదవులు ఆనించి ఆ పేరు పిలిచాడు. నా ఒళ్ళు ఒక్కసారిగా మంచులా చల్లబడింది. ఏటి అవతలి మనిషి వచ్చాడు. నీళ్ళోడుతూ వచ్చి, మొన పక్కన కాసేపు నిలబడి, తనను పేరుపెట్టి పిలవడం విని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. బొల్లనకు అతను కనిపించాడో లేదో నాకు తెలియదు. నాకు కనిపించాడు. బొల్లన బతికున్నంతకాలం ఏటేటా పిలిచాడు. పోయేముందు భార్యకు ఆ పేరు చెప్పాడు. కొడుకులకు చెప్పలేదు. మగవాళ్ళకు చెబితే ఇంకో యుద్ధానికి పోయి ఆ పేరు అక్కడే పారేసుకుంటారని అతని భయం. ఆ భయం నిజమేనని తర్వాత చాలాసార్లు చూశాను.

ఆమె తన కోడలికి చెప్పింది. ఏటి ఒడ్డున, గొట్టం దగ్గర అత్త నోరు, మొన దగ్గర కోడలి చెవి. గొంతుతో చెప్పాలి, ఇనుము మీదుగా చెప్పాలి, మూడో మనిషి వినకూడదు. ఆ కోడలు తన కోడలికి చెప్పింది. పేరు ఒకటే సాగింది గానీ కథ మధ్యలో ఎక్కడో జారిపోయింది. కొన్ని తరాలు గడిచేసరికి ఆ ఇంటివాళ్ళు ఏమనుకున్నారంటే, ఈ పేరుగల మనిషి తమ తాతల తాత, ఈ ఈటె పట్టి పోరాడి పోట్లమిట్ట మీద ఒరిగిన వీరుడు! అతనికి పసుపూ కుంకుమా పెట్టారు, నా మొనకు నిమ్మకాయ గుచ్చారు, కొత్తబట్టలు పెట్టారు. చంపినవాణ్ణి మరిచిపోయి చచ్చినవాణ్ణి ఇంటి పెద్దను చేసుకున్నారు. మనుషులు చేసిన తప్పుల్లో ఇంత మంచి తప్పు నేను ఇంకొకటి చూడలేదు.

కానీ ఆ తప్పువల్ల నష్టపోయినవాడు ఒకడున్నాడు. ఏటి అవతలి మనిషి వచ్చినప్పుడల్లా, కాస్త దూరంగా, రేగుపొదల దగ్గర ఇంకో మనిషి నిలబడేవాడు. చేతులు వెనక్కి పెట్టుకుని, తలవంచుకుని. బొల్లన. చచ్చినవాళ్ళు పిలుపు ఎంతదూరం వినిపిస్తే అంతదూరమే రాగలరు. అతని పేరు ఎవరూ పిలవలేదు. తన పేరు పిలవమని అతను భార్యకు చెప్పలేదు కూడా. అడిగే మొహం లేదనుకున్నాడేమో. నా అంతట నేను పిలుద్దామంటే ఇనుము ముక్కను, నావల్ల ఏమవుతుంది! ఏటేటా అలా నిలబడి చూసి పోయేవాడు. నాకు కడుపు తరుక్కుపోయేది. నాకు కడుపెక్కడిదని నవ్వకండి.

ఇక పేరయ్య సంగతి. మిట్ట మీద తవ్వకాలు జరిగాయి. బాణపు ములుకులు, ఎముకలు, వీరుల రాళ్ళు బయటపడ్డాయి. వాటికోసం ఈ ప్రదర్శనశాల కట్టారు. ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాత ఆయుధాలుంటే ఇమ్మని అడిగారు. కుంచాల పేరయ్య నన్ను దూలం మీంచి దింపి, తీసుకెళ్ళి ఇచ్చేశాడు. నేను ఆ ఇంటి ఆడవాళ్ళ సొత్తు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు చేశాడు. శాలువా కప్పారు, పేపర్లో ఫొటో వచ్చింది. ఆ శాలువా భుజాన వేసుకుని ఇంటికి పోతే భార్య గురవమ్మ ఏమందో తర్వాత ఆమె నోటే విన్నాను. "చద్దిమూట ఇచ్చినట్టు ఇంట్లో మనిషినిచ్చొచ్చావా? నిన్నెవురన్నా అట్టా ఇచ్చేస్తే తెలుస్తది" అందట.

"ఏడాదికోసారి బయటికిస్తామన్నార్లే" అన్నాడట పేరయ్య.

మాట ప్రకారం కొన్నేళ్ళు ఇచ్చారు. అమావాస్యనాడు గురవమ్మ నన్ను ఏటికి తీసుకుపోయి, పిలిచి, సాయంత్రానికి తిరిగి తెచ్చి అప్పగించేది. పేరయ్య కాలం చేశాడు. ఆ తర్వాత ఎక్కడో ఇంకో ప్రదర్శనశాలలో దొంగలు పడ్డారట. వస్తువులు పెట్టెలోంచి కదలకూడదని పైనుంచి కట్టడి వచ్చింది. నా చుట్టూ మందపాటి గాజు బిగించారు. దొంగ వెళ్ళిన ఆరు నెలలకు కుక్కలు మొరగడం ప్రభుత్వానికి మామూలే, అయితే ఈసారి మొరిగింది వేరే ఊరి దొంగను చూసి.

ఆ ఏడు గురవమ్మ గాజు బయట నిలబడి, గాజుకే పెదవులు ఆనించి పిలిచింది. పేరు సరైనదే, తిథి సరైనదే. ఏటి అవతలి మనిషి వచ్చాడు. గాజు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. నా దాకా రాలేకపోయాడు. పిలుపు పూర్తికాలేదు కాబట్టి వెనక్కీ పోలేకపోయాడు. గురవమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అతను హాల్లోనే ఉండిపోయాడు.

అప్పటినుంచి మా హాలు హాలులా లేదు. గాజుపెట్టె ముందు నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. కాపలా చూసే మస్తాను రోజూ పొద్దున్నే తుడుస్తాడు, మధ్యాహ్నానికి మళ్ళీ తడి. "ఏసీ నీళ్ళు" అంటాడు పైకి. ఏసీ ఉన్నది అవతలి గోడకని అతనికీ తెలుసు. నా పెట్టెలో తేమ చూపే చిన్న యంత్రం పెట్టారు. దాని ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండదు. ప్రదర్శనశాల అధికారి ప్రభుదాసు గారు యంత్రం మార్పించాడు. కొత్తదీ అంతే. పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తల్లులు నా ముందు ఎక్కువసేపు నిలబడరు. పిల్లలు ఖాళీ జాగాలోకి చూసి చేతులు చాస్తారు. ఇక గుమ్మం బయట, వీరుల రాళ్ళ పక్కన, చేతులు వెనక్కి పెట్టుకుని బొల్లన. అతను లోపలికి కూడా రాలేడు. గాజుకు ఇవతల నేను, అవతల ఒకరు, గుమ్మం బయట ఇంకొకరు. చంపినవాడూ చచ్చినవాడూ మధ్యలో ఆయుధమూ ఒక్కచోట చేరి, ఒకరికొకరం అందకుండా ఉన్నాం. దీన్ని ప్రదర్శన అంటారు. టికెట్టు పెట్టారు.

మొన్నటి మార్గశిర అమావాస్యనాడు గురవమ్మ వచ్చింది. ఒంటరిగా కాదు, కోడలు నాగేంద్రాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. నాగేంద్రం మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తుంది. మనిషి దగ్గరికి రాగానే మిరపఘాటు వస్తుంది. గురవమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని ఉంది. నోరు తెరిస్తే గరగరమని గాలి తప్ప మాట సరిగా రావడం లేదు. అందుకని ప్రభుదాసు గారితో నాగేంద్రమే మాట్లాడింది.

"సార్, మా అత్తకి గొంతులో గడ్డ. సోమారం గుంటూర్లో కోస్తారు. కోసినాక ఇంక మాట రాదంట. ఒక్కసారి ఆ ఈటెని బయటికి తియ్యండి సార్. మీ ముందరే, ఈడనే. ఆమె నాకో మాట చెప్పుద్ది, అంతే. మేం పోతాం."

"ఆ మాట ఇంట్లో చెప్పొచ్చు కదమ్మా?"

"ఇంట్లో చెప్పకూడదంట సార్. ఆ ఇనుము మీంచే చెప్పాలంట. నాకూ ఇయన్నీ తెలవదు. పదేళ్ళనించి అడగతన్నా, చెప్పదు. ఇప్పుడేమో టైము లేదు."

ప్రభుదాసు గారు మంచివాడే. మంచివాడు కాబట్టే ఓపిగ్గా వివరించాడు. పెట్టె తెరవాలంటే పైనుంచి అనుమతి రావాలి. పాత ఇనుముకు నీళ్ళు తగలకూడదు, పసుపూ నిమ్మకాయా అసలే కూడదు. "అంతెందుకమ్మా, మన ఊపిరిలో తడి తగిలినా అది చెడిపోతుంది" అన్నాడు.

గురవమ్మ తువ్వాలు కిందికి లాగింది. గొంతు పెగుల్చుకుని తనే మాట్లాడింది. "ఊపిరి తగిల్తే చెడిద్దా నాయనా? మా అత్త ఊపిరి, వాళ్ళత్త ఊపిరి, ఆపైన వాళ్ళత్త ఊపిరి... అయ్యి తగలబట్టేగా అదింతకాలం ఉంది. నే బోతే ఆయన్ని పిలిచేదెవురు? ఇయ్యాల చెప్పకపోతే పేరు నాతోనే పోయిద్ది. ఈ హాల్లో తడి నువ్వు చూడలా? అదెవురో నీకు తెలవదు. నాకు తెల్సు."

ప్రభుదాసు గారు నేలవైపు చూశాడు. తర్వాత తేమ యంత్రం వైపు చూశాడు. దాని ముల్లు ఆ పూట చివరిదాకా పోయి కొట్టుకుంటోంది. అతను చదువుకున్నవాడు, ఇలాంటివి నమ్మడు. కానీ ఆ యంత్రం ఎందుకలా చూపిస్తోందో పైవాళ్ళకు రాసీ రాసీ అలిసిపోయి ఉన్నాడు. గురవమ్మ మొహంలోకి చూసి జేబులో తాళాల గుత్తి తడుముకున్నాడు.

"మస్తానూ, ఈటెకు నూనె రాసే పని ఇవాళ పెట్టుకుందాం. బయటి తలుపు మూసిరా" అన్నాడు. నూనె రాసే పనికి ఇంకా చాలా రోజులుందని మస్తానుకు తెలుసు. అయినా వెళ్ళాడు. తలుపు ఓరగా వేశాడు గానీ పూర్తిగా మూయలేదు. ఎందుకో గుమ్మం బయటికి చూసి, ఎవరికో దారి విడిచినట్టు పక్కకు జరిగాడు.

ప్రభుదాసు గారు ఇద్దరికీ తెల్ల చేతితొడుగులు ఇచ్చాడు. గురవమ్మ తొడుక్కుని, "చేతులకైతే ఏసుకున్నా. మూతికెట్టా ఏస్తావయ్యా?" అంది. ఆ మాటకు అతనికి నవ్వొచ్చింది. గాజు తలుపు తీశాడు. ఎన్నాళ్ళకో బయటిగాలి తగిలింది నాకు. కాస్త మిరపఘాటు కూడా తగిలింది.

వాళ్ళిద్దరూ నేల మీద కూర్చుని, తడి మధ్యలో, నన్ను అడ్డంగా పట్టుకున్నారు. ప్రభుదాసు గారూ మస్తానూ ఆ చివరికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాగేంద్రం మొన దగ్గర చెవి పెట్టింది. గురవమ్మ గొట్టానికి పెదవులు ఆనించింది. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి గాలే వచ్చింది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారి నా మీద పడ్డాయి. నాకు భయమేసింది. ఇంత దూరం వచ్చిన పేరు చివరికి ఈ తల్లి గొంతులో గడ్డ వెనక చిక్కుకుపోతుందా అని భయపడ్డాను. మూడోసారి ఆమె గట్టిగా ఊపిరి పీల్చి, ఉన్న బలమంతా కూడదీసుకుని పిలిచింది. పేరు స్పష్టంగా వచ్చింది. అన్ని అక్షరాలూ నాలోంచి పోయాయి.

నా ఒళ్ళు చల్లబడింది. ఏటి అవతలి మనిషి గాజు దాటి వచ్చాడు. నా మొన పక్కన నిలబడి, పిలుపు చివరిదాకా విన్నాడు. అతని జుట్టులోంచి నీళ్ళు నాగేంద్రం భుజం మీద పడ్డాయి. ఆమె తలెత్తి పైకప్పువైపు చూసింది. పైకప్పు పొడిగా ఉంది.

"విన్నావా?" అంది గురవమ్మ.

"విన్నా అత్తా."

"ఇప్పుడు నువ్వను."

వాళ్ళు నన్ను అటూ ఇటూ మార్చి పట్టుకున్నారు. నాగేంద్రం పెదవులు ఆనించి ఆ పేరు పిలిచింది. కొత్త గొంతు. ఏటి అవతలి మనిషి ఆ గొంతును గుర్తుపెట్టుకున్నట్టు తల ఊపాడు. పంచె మోకాళ్ళపైకి కట్టుకుని, ఏరు దాటబోయేవాడిలా గుమ్మంవైపు నడిచాడు. గురవమ్మ గోడకు చేరబడింది. ఆమె మొహంలో బరువు దిగిపోవడం చూశాను. పని అయిపోయిందనుకున్నాను.

నాగేంద్రం నన్ను దించలేదు. ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. "అత్తా, ఈయన్ని మనం పిలుస్తన్నాం, బానే ఉంది. పిలిచినోళ్ళనెవరు పిలుస్తారు?" అంది.

"ఎవురూ పిలవరే. అదంతే."

"మీ అత్తని?"

గురవమ్మ అడ్డంగా తలూపింది.

"రేపు నిన్ను?"

గురవమ్మ మెడ చుట్టూ తువ్వాలు సర్దుకుంది. అన్ని తరాల్లో ఒక్క కోడలూ ఒక్క అత్తనూ అడగని ప్రశ్న అది. నాగేంద్రం ముక్కు ఎగబీల్చి, చేతితొడుగుతోనే కళ్ళు తుడుచుకుంది. "మా అత్తని నే పిలుసుకుంటాలే, నాకు పేరు తెల్సు. ఈయన్ని మొట్టమొదట పిలిచినాయన ఒకడుండాలి గదా. ఆయనెవరు?"

"ఎవురికి తెల్సే?"

బొల్లన అని నేను అరిచాను. ఇనుము అరిస్తే ఎవరికి వినిపిస్తుంది!

నాగేంద్రం మళ్ళీ నన్నెత్తి, గొట్టానికి పెదవులు ఆనించింది. "మొదట పిలిచినాయనా, నీ పేరు నాకు తెలవదు. నువ్వు గూడా రా" అంది.

ఓరగా వేసిన తలుపు కదిలింది. మస్తాను చూశాడు, ప్రభుదాసు గారూ చూశాడు, ఇద్దరూ గాలి అనుకున్నారు. బొల్లన గుమ్మం దాటాడు. ఇన్ని తరాలు వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తెచ్చుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా నడిచి వచ్చాడు. వెళ్ళిపోతున్న ఏటి అవతలి మనిషి ఆగి, అతనికి దారిచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచు లేకుండా వాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. ఏటి అవతలి మనిషి వెళ్ళిపోయాడు. బొల్లన నా దగ్గరిదాకా వచ్చాడు. ఒక్క మూర దూరంలో ఆగిపోయాడు. ఆ పిలుపులో పేరు లేదు. పేరులేని పిలుపు అంతదూరమే తెస్తుంది.

అతను చెయ్యి చాచాడు. బొటనవేలి కింద కాయ కనిపించింది. నా అంచు తడమడానికి చాచాడు. అందలేదు.

ప్రభుదాసు గారు నాకు నూనె రాసి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. గురవమ్మకు గుంటూరులో ఆపరేషన్ అయింది. మాట పోయింది, మనిషి బతికింది. నాగేంద్రం వచ్చి గాజు బయట నిలబడి నాకు చెప్పి వెళ్ళింది, నేను వాళ్ళింటి మనిషినే కదా. వచ్చే అమావాస్యకు పెట్టె తెరిచేందుకు అనుమతి కావాలని ప్రభుదాసు గారు పైవాళ్ళకు రాశాడు. హాల్లో నేల ఇప్పుడు పొడిగా ఉంటోంది. మస్తాను తుడుపుగుడ్డ గోడకు తగిలించేశాడు. తేమ యంత్రం ముల్లు బుద్ధిగా ఉండాల్సిన చోట ఉంటోంది.

కానీ నా పెట్టె ముందు ఇప్పటికీ కాస్త చల్లగా ఉంటుంది. మీరు ఎప్పుడైనా పోట్లమిట్ట వస్తే, నా ముందు నిలబడితే, మీ కుడిపక్కన ఒక మనిషి ఉంటాడు. చెయ్యి గాజువైపు చాచి ఉంటాడు. భయపడకండి, మామూలు రైతు. నెత్తురు కోసం వెతకడం తర్వాత, చీటీ చదవడం తర్వాత. గాజు మీద పెదవులు ఆనించక్కర్లేదు, తిథి చూసుకోనక్కర్లేదు. అతను మీ పక్కనే ఉన్నాడు, దూరం ఒక్క మూర.

అతని పేరు మీకు తెలుసు. నాకు నోరు లేదు, మీకుంది.